కణాన్ని తూచే తూకం

(శ్రీకాకుళంలో ఒక గ్రంథాలయం హాల్లో ఆశా కార్యకర్తలు, టీచర్లు, కాలేజీ పిల్లల ముందు ఒక పాథాలజీ డాక్టరమ్మ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అమ్మా? వినిపించకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

నేను పాథాలజీ డాక్టర్ని. మీలో నన్ను ఇదివరకు చూసినవాళ్లు ఎవరూ ఉండరనుకుంటాను. మా పనే అలాంటిది. మీ రక్తం మా దగ్గరికి వస్తుంది, మీ ఒంట్లోంచి కోసిన చిన్న ముక్క వస్తుంది, మీ కణాలు పూసిన గాజుపలక, అదే స్లైడు, వస్తుంది, మీరు మాత్రం రారు. మనిషిని చూడకుండా, మనిషిలోంచి తీసిన చిటికెడు కణాలను చూసి, ఈ మనిషికి క్యాన్సర్ ఉందా లేదా అని చెప్పాలి. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. ఇవాళ మీ ఎదుట నిలబడి మాట్లాడే అవకాశం వచ్చింది కాబట్టి, మైక్రోస్కోపు అవతల ఏం జరుగుతుందో మీకు చెప్పాలని ఉంది.

మా నాయనమ్మ దగ్గర మొదలుపెడతాను. ఆవిడ అడ్డపొగ తాగేది. ఈ ఊళ్లో అడ్డపొగ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, కానీ చదివేవాళ్లలో తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి చెబుతాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. మన సముద్రం ఒడ్డు ఊళ్లలో, శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు ఆడవాళ్లు తరతరాలుగా చేసిన పని ఇది. గాలికి చుట్ట ఆరిపోదు, బూడిద పనిమీద రాలదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చిన్నప్పుడు నేను ఆశ్చర్యంగా చూసేదాన్ని. చేట పట్టుకుని బియ్యం చెరుగుతూనే, చెయ్యి పెట్టకుండా నాలుకతో చుట్టను తిప్పేసేది. నిప్పు లోపలికి, మళ్లీ బయటికి. ఒక్కసారి కూడా పెదవి కాలగా చూడలేదు.

పెదవి కాలలేదు సరే. అంగిలి సంగతి ఏమిటి?

నేను మెడిసిన్ రెండో ఏడాదిలో ఉండగా సెలవులకు వచ్చి, టార్చిలైటు వేసి ఆవిడ నోరు తెరిపించి చూశాను. అంగిలి అంతా తెల్లగా ఉంది. నీళ్లింకిన చెరువు అడుగున మట్టి బీటలు వారుతుంది చూశారూ, అచ్చం అలా. ఆ తెలుపులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. "నొప్పుందా నాయనమ్మా?" అంటే "నొప్పేంటే, ఏం తెలీదు" అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఏం తెలీదు. మళ్లీ ఆ మాట దగ్గరికే వస్తాను.

మన జిల్లా అంగిళ్లు ప్రపంచ వైద్యశాస్త్రంలోకి ఎప్పుడో ఎక్కాయి. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే నోటి వ్యాధుల నిపుణుడు, ముంబై నుంచి వచ్చిన శాస్త్రవేత్తలతో కలిసి, మన పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రచురించాడు. ఎవరి నోళ్లవి? మన అమ్మమ్మలవి, నాయనమ్మలవి. నోరు తెరిచి చూపించిన ఆ మనుషులకు ప్రపంచం రుణపడి ఉందని నేనంటాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. నోట్లో తెల్లమచ్చ ఉన్న ప్రతివాళ్లకూ క్యాన్సర్ వస్తుందా? రాదు. చాలామందికి ఆ మచ్చ మచ్చగానే ఉండిపోతుంది. మా నాయనమ్మకు క్యాన్సర్ రాలేదు, ముసలితనంతో పోయింది. మా పక్కింటావిడకు వచ్చింది. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని, ఒకే రకం చుట్ట తాగినవాళ్లు. ఇద్దరి అంగిళ్లూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. మరి ఏ మచ్చ ఊరికే ఉంటుంది, ఏ మచ్చ ముదురుతుంది? దీన్ని ముందే ఎలా కనిపెట్టడం? అందరికీ ముక్క కోసి చూద్దామా? అంగిలి మీద నాలుగు చోట్ల మచ్చలుంటే నాలుగు ముక్కలు కోస్తామా? ఆర్నెల్లకోసారి కోస్తామా? ఎవరొప్పుకుంటారు?

అందుకే ముక్క కాదు, కణాలు చాలు అన్న ఆలోచన వచ్చింది.

ఆ ఆలోచనను ప్రపంచానికి నేర్పినవాడు గ్రీసు దేశంలో పుట్టిన జార్జ్ పాపనికొలావు. 1913లో అమెరికా వచ్చాడు. న్యూయార్కులో గినీ పందుల మీద పరిశోధన చేస్తూ, వాటి గర్భాశయ ద్వారం దగ్గర రాలిన కణాలను గాజుపలక మీద పూసి మైక్రోస్కోపు కింద చూడడం మొదలుపెట్టాడు. గినీ పందుల నుంచి ఆడవాళ్ల దగ్గరికి వచ్చాడు. మొట్టమొదట ఎవరి కణాలు చూశాడో తెలుసా? తన భార్య ఆండ్రొమాకీవి. ఆవిడ ఏళ్ల తరబడి తన శరీరంలోంచి నమూనా ఇస్తూనే ఉంది, ల్యాబులో ఆయనతోపాటు పనిచేస్తూనే ఉంది. గర్భాశయ ముఖద్వారం కణాలను ఇలా చూసే పరీక్షను ఇవాళ 'పాప్ స్మియర్' అని ఆయన పేరులో ముక్కతో పిలుస్తున్నాం. ఆవిడ పేరు ఎంతమందికి తెలుసు? కనీసం ఈ హాల్లో ఉన్నవాళ్లకు ఇవాళ్టి నుంచి తెలుసు. ఆండ్రొమాకీ. పిల్లలూ, రాసుకోండి.

రాలిన కణాల్లో క్యాన్సర్ కణాలు కనిపిస్తున్నాయని 1928లో ఆయన సభలో చెబితే ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు అదే కాలంలో రొమేనియాలో బాబెష్ అనే డాక్టరు కూడా ఇదే సంగతి కనిపెట్టాడు. అక్కడా అంతే. 1941లో, ట్రౌట్ అనే స్త్రీవైద్య నిపుణుడితో కలిసి పాపనికొలావు మళ్లీ ప్రచురించాకే లోకం కదిలింది. పదమూడేళ్లు! ఆ పదమూడేళ్లలో పోయిన ఆడవాళ్లను ఎవరు లెక్కపెట్టారు?

సరే, స్లైడు మీద మేం ఏం చూస్తాం? ప్రతి కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది. గుడ్డు అట్టు పోసినప్పుడు పచ్చసొన ఉంటుంది చూడండి, అలాగే ఉంటుంది. మామూలు కణంలో చుట్టూ ఉన్న భాగం విశాలంగా, కేంద్రకం చిన్నగా, గుండ్రంగా. చెడుతున్న కణంలో కేంద్రకం పెద్దదవుతుంది, రంగు చిక్కబడుతుంది, అంచు వంకరపోతుంది. పచ్చసొన తెల్లసొనను మింగేసినట్టు కనబడుతుంది. ఒక్కో స్లైడు మీద వేలకొద్దీ కణాలుంటాయి. వాటిలో పదో పదిహేనో చెడ్డవి ఉండొచ్చు. ఒక చివర నుంచి ఇంకో చివరకు, చేలో కలుపు వెతికినట్టు, సాలు తప్పకుండా చూసుకుంటూ పోవాలి. సాయంత్రం నాలుగింటికి కళ్లు మండుతుంటే అరవయ్యో స్లైడు చూస్తున్నప్పుడు నాకుండే టెన్షన్ నాకే తెలుసు. ఇందులో ఒకటి వదిలేశానా? ఆ భయం నా వృత్తిలో ఏ రోజూ నన్ను వదల్లేదు.

ఇంకో ఇబ్బంది ఉంది. చెడ్డ కణం చెడ్డదని, మంచి కణం మంచిదని ఎవరైనా చెబుతారు. మధ్యలో ఉన్నవాటి మాటేమిటి? కొంచెం పెద్దగా ఉంది, కొంచెం చిక్కగా ఉంది. అది వాపు వల్లా? ఇన్ఫెక్షన్ వల్లా? బి12 విటమిన్ తక్కువైనా కేంద్రకాలు ఉబ్బుతాయి. అదే స్లైడు ఇద్దరు డాక్టర్లకు ఇస్తే ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా అనొచ్చు. కంటితో చూసి 'కొంచెం ఎక్కువ' అనడం వేరు, తూచి 'ఇంత ఎక్కువ' అనడం వేరు. కూరగాయల బండి దగ్గర చేత్తో ఎత్తి చూసి "కిలో ఉంటుందిలే" అంటే మీరు ఒప్పుకుంటారా? కాటా మీద పెట్టమంటారు కదా? బంగారం కొట్లో అయితే ఇంకా చెప్పక్కర్లేదు.

మరి కణాన్ని కాటా మీద పెట్టగలమా? పెట్టగలం. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే నాకు చాలా ఇష్టమైన భాగం ఇది.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు, అంటే వంశలక్షణాలను మోసే పోగులు, ఉంటాయి. వాటిలో ఉన్న డీఎన్‌ఏ అంతా చాపితే రెండు మీటర్ల పొడవు. దాని బరువు? ఒక గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే, అందులో ఆరో ఏడో భాగాలు. ఈ లెక్క మామూలు కణాలన్నిటికీ ఒకటే. మీ చెంప లోపలి కణానికీ అంతే, నా కాలి చర్మంలోని కణానికీ అంతే. కణం రెండుగా చీలబోయే ముందు మాత్రం డీఎన్‌ఏ రెట్టింపు అవుతుంది, ఎందుకంటే పిల్ల కణాలు రెండింటికీ సమానంగా పంచాలి. చీలాక మళ్లీ మామూలు. కాబట్టి మామూలు తూకం రెండు అనుకుంటే, చీలబోయే కణం తూకం నాలుగు. రెండు, నాలుగు. మధ్యలో ఉంటే అవి రెట్టింపు అవుతూ దారిలో ఉన్నవి.

క్యాన్సర్ కణంలో పంపకం చెడుతుంది. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు గట్టు వంకరగా వేసినట్టు, ఒక పిల్ల కణానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. ఈ మాట ఎప్పటిదనుకున్నారు? 1890లోనే జర్మనీలో హాన్సెమాన్ అనే ఆయన, క్యాన్సర్ గడ్డల్లో కణాలు అసమానంగా చీలడం చూశాడు. 1914లో బొవేరీ అనే శాస్త్రవేత్త క్యాన్సర్‌కు మూలం క్రోమోజోముల లెక్క తప్పడమేనని రాశాడు. ఆయన చూసింది క్యాన్సర్ గడ్డల్ని కూడా కాదు. సముద్రంలో దొరికే ముళ్లకాయల్లాంటి జీవులుంటాయి, వాటి గుడ్లను చూశాడు. మన జాలర్లకు వలల్లో పడే జీవి నుంచి అంత పెద్ద మాట తీశాడాయన.

లెక్క తప్పిందని తెలిసింది. తూచడం ఎలా? దానికి రంగు కావాలి. 1924లో జర్మనీలో ఫాయిల్గెన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ రంగు పద్ధతి ఇచ్చాడు. ముందు స్లైడును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పెడతారు. ఆమ్లం డీఎన్‌ఏలోని కొన్ని ముక్కలను ఊడగొడుతుంది. ఊడిన చోట రంగు పట్టుకునే కొక్కేలు బయటపడతాయి. తర్వాత షిఫ్ ద్రవంలో పెడతారు. అది సీసాలో ఉన్నప్పుడు నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది. మూత తీస్తే గంధకం ఘాటు ముక్కులోకి కొడుతుంది. ఆ ద్రవం ఆ కొక్కేలకు తగులుకున్న చోట మాత్రమే కాశీరత్నం పువ్వు రంగులోకి తిరుగుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు స్లైడంతా తెల్లగా, కేంద్రకాలు మాత్రం ఒక్కొక్కటిగా ఎర్రబడుతూ వస్తుంటే కళ్లార్పకుండా చూశాను.

దీని గొప్ప ఎక్కడుందంటే, ఎంత డీఎన్‌ఏ ఉంటే అంత రంగే పడుతుంది. ఎక్కువా పడదు, తక్కువా పడదు. మామూలుగా మేం వాడే రంగులకు ఈ నిజాయితీ లేదు. అవి చూడ్డానికి బాగుంటాయి, తూచడానికి పనికిరావు. ఈ రంగు తూకానికి సరిపోతుంది. ఇక మైక్రోస్కోపు కింద దీపం వెలిగించి, ఒక్కో కేంద్రకం ఎంత వెలుతురును అడ్డుకుందో కొలిస్తే, అదే డీఎన్‌ఏ తూకం. 1930ల్లోనే స్టాక్‌హోంలో కాస్పర్సన్ అనే శాస్త్రవేత్త కణాల మీదికి వెలుతురు పంపి ఇలా కొలిచే పద్ధతులు తయారుచేశాడు. అప్పట్లో ఒక్క కణం కొలవడానికి ఎంతో సమయం పట్టేది. ఇప్పుడు మైక్రోస్కోపుకు కెమెరా, కెమెరాకు కంప్యూటరు. వేల కణాలను తనే తూచుకుంటూ పోతుంది.

కాటాకు తూకపురాళ్లు కావాలి కదా? అవి కూడా స్లైడు మీదే ఉంటాయి. అదే మనిషి మామూలు కణాలు, తెల్ల రక్తకణాలు, అవే మా తూకపురాళ్లు. వాటి తూకం రెండు అని ముందు సరిచూసుకుని, అప్పుడు అనుమానం ఉన్నవాటిని తూస్తాం. ఆ రోజు ఆమ్లం కాస్త ఎక్కువసేపు తగిలినా, రంగు కాస్త పల్చబడినా, రాళ్లకూ అదే జరుగుతుంది కాబట్టి తూకం మోసపోదు.

చివరకు, ఏ తూకం దగ్గర ఎన్ని కణాలున్నాయో చూపించే బొమ్మ ఒకటి వస్తుంది. రెండు దగ్గర పెద్ద గుట్ట, నాలుగు దగ్గర చిన్న గుట్ట ఉంటే సంతోషం. మూడు దగ్గర, మూడున్నర దగ్గర కొత్త గుట్ట లేచిందా? లేదా తొమ్మిది దాటి అక్కడొకటి ఇక్కడొకటి కణాలు చెదురుగా పడ్డాయా? అప్పుడు మాకు గుండె జారుతుంది. కంటికి కణం ఇంకా 'కొంచెం తేడా'గానే కనిపిస్తూ ఉండొచ్చు. తూకం మాత్రం తప్పిపోయింది.

ఇప్పుడు మా నాయనమ్మ అంగిలి దగ్గరికి రండి. జర్మనీలో రెమ్మర్‌బాఖ్, బోకింగ్ లాంటి పరిశోధకులు 2001 ప్రాంతంలో ఇదే చేశారు. నోట్లో మచ్చ మీద చిన్న బ్రష్‌తో రుద్ది, ఆ కణాల డీఎన్‌ఏ తూచారు. కెనడాలో వాంకూవర్ వాళ్లూ ఈ దారిలో చాలా పనిచేశారు. బ్రష్ అంటే ఇదిగో, ఇంతే. చూడండి, అందరికీ పంపిస్తాను, చేతులు మార్చుకోండి. మత్తు సూది అక్కర్లేదు, కుట్లు అక్కర్లేదు. మచ్చ మీద పెట్టి గట్టిగా తిప్పాలి, కొస కొంచెం ఎర్రబడే దాకా. పైపైన రాలిన కణాలు చాలవు, అడుగు పొర కణాలు రావాలి. అక్కడే ఆట మొదలవుతుంది. సుతారంగా తుడిచి పంపిన బ్రష్ ఎందుకూ పనికిరాదు. ఆశా అక్కలూ, మీరు రేపు ఎక్కడైనా ఇది చేసే చోట ఉంటే, ఆ ఒక్క సంగతి చూసుకోండి.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఈ తూకం మీద మోసం కూడా జరిగింది. నార్వేలో ఒక పరిశోధకుడు, తెల్లమచ్చల్లో డీఎన్‌ఏ తూకం చూసి ఎవరికి క్యాన్సర్ వస్తుందో దాదాపు కచ్చితంగా చెప్పొచ్చని 2001లో పెద్ద పత్రికలో రాశాడు. మేమంతా చదివి పొంగిపోయాం. 2006లో బండారం బయటపడింది. ఆయన 2005లో నోటి క్యాన్సర్ మీదే రాసిన మరో వ్యాసంలో లెక్క చూపించిన 908 మంది అసలు లేనే లేరు. వాళ్లలో 250 మందికి ఒకే పుట్టినరోజు! 2001 నాటి వ్యాసాన్నీ పత్రిక వెనక్కి తీసుకుంది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎవరో పెద్దమనిషి మాట నమ్మి, 'మీ తూకం సరిగ్గా ఉంది, భయం లేదు' అని ఎంతమందికి ధైర్యం చెప్పి పంపించామో కదా అనిపించింది.

తర్వాత వేరేవాళ్లు నిజాయితీగా మళ్లీ మొదటి నుంచి చేశారు. తేలిందేమిటి? తూకం తప్పిన మచ్చ క్యాన్సర్‌గా మారే అవకాశం నిజంగానే ఎక్కువ. తూకం సరిగ్గా ఉన్నంత మాత్రాన పూర్తిగా నిశ్చింత కాదు. డీఎన్‌ఏ లెక్క తప్పకుండానే వచ్చే క్యాన్సర్లూ ఉన్నాయి. కాబట్టి తూకం చెడితే ముక్క పరీక్షకు పంపాలి. తూకం బాగున్నా సరే, మచ్చ ఎర్రగా ఉంటే, గట్టిపడితే, పుండైతే ముక్క పరీక్షకు పంపాల్సిందే. తూకం డాక్టరు కంటికి తోడు మాత్రమే. కంటి బదులు తూకం అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

ఇంకో డీఎన్‌ఏ సంగతి. ఇది మన డీఎన్‌ఏ కాదు, వైరస్‌ది. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌లో దాదాపు ప్రతి కేసు వెనకా హ్యూమన్ పాపిలోమా వైరస్ ఉంటుంది, హెచ్‌పీవీ అంటాం. 1983లో ఈ వైరస్‌లో 16వ నంబరు రకాన్ని, మరుసటి ఏడాది 18వ నంబరు రకాన్ని జర్మనీలో హెరాల్డ్ త్సుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్ గడ్డల్లో పట్టుకుంది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ వైరస్ చాలామందికి సోకుతుంది, చాలామందిలో ఏడాది రెండేళ్లలో తనే పోతుంది. పోకుండా పాతుకుపోయినవాళ్లలో ఏం జరుగుతుంది? మామూలు కణం క్యాన్సర్ కావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. పదిహేనేళ్లు, అమ్మా! పుట్టిన పిల్ల పదో తరగతి పరీక్షలు రాసేంత కాలం. అంతకాలం ఆ కణాలు అక్కడే ఉంటాయి, ఒక్క బ్రష్ దూరంలో. అయినా మనదేశంలో ఏటా లక్షా పాతిక వేల మందికి పైగా ఈ క్యాన్సర్ బయటపడుతోంది, 80 వేల మంది దాకా చనిపోతున్నారు. ఇది 2022 లెక్క.

మహారాష్ట్రలో ఉస్మానాబాద్ అనే జిల్లా ఉంది, ఇప్పుడు దాని పేరు ధారాశివ్. అక్కడి పల్లెల్లో 1999లో పెద్ద పరిశోధన మొదలైంది. 30 నుంచి 59 ఏళ్ల లోపు లక్షా ముప్ఫై వేలకు పైగా ఆడవాళ్లు. వాళ్లను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష, ఒకరికి పాప్ స్మియర్, ఒకరికి వెనిగర్‌లో ఉండే ఆమ్లం పూసి కంటితో చూసే పరీక్ష, నాలుగో గుంపుకు మామూలుగా అందే వైద్యమే. జీవితంలో ఒకే ఒక్కసారి చేసిన పరీక్ష. ఎనిమిదేళ్లు గమనించారు. డీఎన్‌ఏ పరీక్ష చేసిన గుంపులో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 34 మంది. పరీక్ష లేని గుంపులో 64 మంది. గుంపుల పరిమాణం సర్దిచూస్తే చావులు దాదాపు సగానికి తగ్గాయి. మిగతా రెండు పరీక్షల్లో అంత తేడా కనబడలేదు. ఇంకో సంగతి: పాప్ స్మియర్‌లో ఏమీ లేదని చెప్పించుకున్నవాళ్లలో తర్వాత క్యాన్సర్ వచ్చినవాళ్లు, డీఎన్‌ఏ పరీక్షలో ఏమీ లేదన్నవాళ్లకంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. నా జీవితమంతా పాప్ స్మియర్లు చూసినదాన్ని నేను. అయినా ఈ లెక్క ముందు తల వంచుతాను. ఆ 64 మంది కూడా ఎవరో ఒకరి అమ్మలు. వాళ్లను తలచుకోకుండా నేనీ అంకెలు ఎప్పుడూ చెప్పను.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ అదే: 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ముందుగా హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష, ఐదు నుంచి పదేళ్లకోసారి. ఈ పరీక్షకు నమూనాను ఆడవాళ్లు తమంతట తామే తీసుకోవచ్చు. గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, చిన్న బ్రష్‌తో. మగ డాక్టరు ముందు, అసలు ఏ డాక్టరు ముందైనా, బల్లమీద పడుకోవాలన్న సిగ్గుతో ఎంతమంది రావడం మానేశారో నాకు తెలుసు. ఆ సిగ్గును నేను తప్పుపట్టను. దానికి దారి చూపించాలి గానీ.

మరి మనదగ్గర ఎంతమంది ఈ పరీక్ష చేయించుకున్నారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. తూకం ఎంత గొప్పదైతే ఏం లాభం, కాటా మీద పెట్టడానికి ఏమీ రాకపోతే?

వచ్చినవాళ్లకు కూడా మనం న్యాయం చేయలేదు. చాలా ఏళ్ల కిందట ఒక క్యాంపు. ఊరూ పేరూ చెప్పను. ఒక్కరోజులో రెండువందలకు పైగా స్మియర్లు తీశారు. నా దగ్గరికి వచ్చేసరికి వాటిలో చాలా స్లైడ్లు ఎండిపోయి ఉన్నాయి. స్లైడు మీద పూసిన వెంటనే ఆల్కహాల్‌లో ముంచాలి, ఆలస్యమైతే కణాలు ఉబ్బి, రంగు చెదిరి, ఏమీ చెప్పలేం. మిగిలినవాటిలో ఒకటి స్పష్టంగా చెడ్డది. వెంటనే రిపోర్టు రాసి పంపాను. ఏడు నెలల తర్వాత అదే పేరుతో, అదే ఊరితో, ఒక ముక్క నా బల్లమీదికి వచ్చింది. అప్పటికి జబ్బు ముదిరింది. ఫోన్ చేసి కనుక్కుంటే, నా రిపోర్టు ఆ కవర్లోనే ఉందట. ఆవిడ ఊరు రాశారు గానీ ఫోన్ నంబరు రాయలేదు, ఎవరు ఇవ్వాలో ఎవరికీ చెప్పలేదు. కణం తన సంగతి తను చెప్పింది. నేను విన్నాను. ఆవిడకు చేరలేదు. ఆ రోజు నుంచి నేను చెడ్డ రిపోర్టు ఏదైనా కాగితంతో వదలను, మనిషికి ఫోన్ చేసేదాకా ఊరుకోను. ఆశా అక్కలూ, మీ చేతిలో ఉన్న నోటు పుస్తకంలో ఒక గడి గీసుకోండి: 'రిపోర్టు చేతికిచ్చాను' అని. తేదీ వేయండి. మా మైక్రోస్కోపులన్నీ ఒకెత్తు, ఆ గడి ఒకెత్తు.

ఇందాక చీటీ రాసి పంపించారు ఎవరో, 'ఒక్క రక్తపరీక్షతో అన్ని క్యాన్సర్లూ తెలిసిపోతాయట కదా' అని. చనిపోయిన కణాల డీఎన్‌ఏ తునకలు రక్తంలో తేలుతుంటాయి, నిజమే. 1948లోనే కనిపెట్టారు. వాటిలో క్యాన్సర్ తునకలు ఏరే పరీక్షలు వచ్చాయి, అదీ నిజమే. కానీ వాటిలో బాగా పేరున్న పరీక్ష ఒకటి కూడా, 2021లో వచ్చిన పరిశోధనలో మొదటి దశ క్యాన్సర్లలో పట్టుకున్నది నూటికి 17 లోపే. నాలుగో దశలో తొంభై. మనకు కావలసింది మొదటి దశే కదా? ముందు ముందు మెరుగుపడొచ్చు, పడాలని నా ఆశ. ఇవాళ మాత్రం వేలకు వేలు పోసి అది చేయించుకుని, నోట్లో మచ్చను వదిలేయకండి.

ఇంకో చీటీ, 'బ్రష్ పెడితే, కత్తి తగిలితే క్యాన్సర్ పాకిపోతుంది కదా' అని. పాకదు. ఈ భయం వల్ల ముక్క పరీక్ష వద్దని ఇంటికెళ్లి, చివరకు అన్నం మింగలేని స్థితిలో వచ్చినవాళ్లను చూశాను. మనవాళ్లు కత్తి తగిలాక చనిపోయారు కాబట్టి కత్తి వల్లే పోయారనుకుంటారు. కత్తి దగ్గరికి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. నొప్పి లేదు కదా అని ఆగిపోయారు. మా నాయనమ్మ మాట చెప్పాను కదా, 'ఏం తెలీదు' అని. మొదట్లో ఎవరికీ ఏం తెలీదు. నొప్పి వచ్చేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది.

తూకం యంత్రం మన ఊళ్లో లేకపోతే ఏం చెయ్యాలి అని అడుగుతారు. యంత్రం లేకుండానే కేరళలో తిరువనంతపురం జిల్లాలో చేసి చూపించారు. శిక్షణ ఇచ్చిన కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, వెలుతురు వేసి నోరు చూశారు, అంతే. పొగాకో మందో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో ప్రచురించారు. టార్చిలైటు, ఓపిక, అనుమానం ఉన్నవాళ్లను ఆస్పత్రి దాకా తీసుకెళ్లే మనిషి. ఈ మూడూ ఈ హాల్లోనే ఉన్నాయి.

నాకు చెప్పిన టైము దాటిపోయింది, లైబ్రేరియన్ గారు గడియారం చూస్తున్నారు. మాట్లాడ్డం ఇక్కడికి ఆపుతాను గానీ వెళ్లను. చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ, ఏది అలవాటున్నవాళ్లైనా సరే, నోట్లో రెండు వారాలకు పైగా మానని పుండో, తెల్లమచ్చో, ఎర్రమచ్చో ఉంటే, నోరు ఇదివరకటిలా తెరుచుకోకపోతే, కాసేపు ఉండండి. తలుపు పక్కన వెలుతురు బాగుంది, అక్కడ కుర్చీ వేయించాను. టార్చి నా సంచిలో ఉంది. ముందు వరసలో ఉన్న పెద్దమ్మా, ఇందాకటి నుంచి చూస్తున్నాను, మీరు ఎడమ దవడ పట్టుకునే కూర్చున్నారు. మొదట మీరు రండి. నీళ్లతో నోరు పుక్కిలించుకుని రండి, కంగారేం లేదు.